ఏ వయసుకు ఎంత ఇల్లు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. గీత గీయకముందు జరిగే మాటలన్నీ చివరికి ఒకే చోటికి వస్తాయి: "మాకు ఎంత ఇల్లు కావాలి?" కొనేవాళ్లు, అద్దెకు వెతికేవాళ్లు, ఉన్నది అమ్మేసి చిన్నదానిలోకి పోదామా అని ఆలోచించేవాళ్లు, అందరూ అడిగేది అదే. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఒక చోట పెట్టాను. కొన్నిటికి పెద్ద జవాబు ఉంది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

సరైన సైజు అంటే ఎన్ని చదరపు అడుగులు?

ముందు మీ ఇంట్లో రద్దీ గంట ఏదో చెప్పండి. ప్రతి ఇంటికీ ఒకటి ఉంటుంది. చాలామందికి అది పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర. ఒకరు బాత్‌రూమ్‌లో, ఒకరు తలుపు కొడుతూ బయట, ఒకరు అద్దం ముందు, ఇంకొకరు తాళాలు వెతుక్కుంటూ. ఆ గంటన్నర అరుపులు లేకుండా గడిచిపోతే మీకు ఆ ఇల్లు సరిపోయినట్టే. అది 600 చదరపు అడుగులైనా సరే, 1600 అయినా సరే.

రెండో సంగతి, ఇంటి అవసరం జీవితమంతా ఒకేలా ఉండదు. ఒంటరిగా ఉన్నప్పుడు కొంచెం, ఇద్దరైతే ఇంకొంచెం, పిల్లలు ఎదిగేటప్పుడు బాగా ఎక్కువ, వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ కొంచెం. ఇల్లు పూర్తిగా నిండి ఉండేది మహా అయితే పది పదిహేనేళ్లు. చాలామంది ఆ పదిహేనేళ్ల కోసం ఇల్లు కొని, ముందు పదేళ్లూ తర్వాత పాతికేళ్లూ ఖాళీ గదులకు వాయిదాలు కడుతూ, చీపురు పడుతూ గడుపుతారు. అందుకే నా దగ్గరకు వచ్చినవాళ్లను వచ్చే ఏడేళ్లు మాత్రమే చూసుకోమంటాను. అంతకంటే దూరం చూస్తే మనం ఊహించే పిల్లలు, ఊహించే ఉద్యోగాలు, ఊహించే చుట్టాలు వచ్చి గదులు అడుగుతారు.

ఇంతమందికి ఇన్ని గదులు అని లెక్క ఏదైనా ఉందా?

ఉంది. నేను తరచు చూపించేది ఐరోపా గణాంక సంస్థ యూరోస్టాట్ వాడే లెక్క. ఇల్లు ఇరుకా కాదా అని తేల్చడానికి వాళ్లు ఇలా గదులు లెక్కపెడతారు: ఇంటిల్లిపాదికీ కలిపి ఒక గది, ప్రతి జంటకు ఒకటి, 18 ఏళ్లు దాటిన ఒంటరి మనిషికి ఒకటి, 12 నుంచి 17 మధ్య ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లకో ఇద్దరు అన్నదమ్ములకో కలిపి ఒకటి, ఆ వయసులో జోడీ లేనివాళ్లకు విడిగా ఒకటి, 12 లోపు పిల్లలు ఇద్దరికి ఒకటి. దీనికంటే తక్కువ ఉంటే ఇరుకు ఇల్లని అర్థం.

ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం యూఎన్ హాబిటాట్ గీసిన గీత ఇంకా కింద ఉంటుంది: ఒక గదిలో ముగ్గురికి మించి ఉండకూడదు. అది కనీస మర్యాద. మన ప్లాన్‌కు యూరోస్టాట్ లెక్క ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే అందులో వయసు ఉంది. ఇద్దరు చిన్నపిల్లలున్న జంటకు ఆ లెక్కన మూడు గదులు చాలు. అదే అక్కాతమ్ముళ్లు 12 దాటారా, నాలుగు కావాలి. ఇంట్లో మనుషులు పెరగలేదు, గది మాత్రం పెరిగింది.

ప్రకటనలో చెప్పిన చదరపు అడుగులు లోపల కనిపించవెందుకు?

గోడల మందం, మెట్లు, లిఫ్టు, వరండా, అందరూ వాడే దారులు కూడా అందులో కలిపి ఉండొచ్చు. మీరు అడగాల్సింది ఒక్కటే: చాప పరిచే నేల ఎంత? గోడల లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలిచిన అంకె. రెండు ఇళ్లను పోల్చేటప్పుడు రెంటికీ అదే అంకె తీసుకోండి. చదరపు మీటర్లలో చెబితే 10.76తో గుణించుకోండి.

ఆ అంకె సరిగ్గా తెలిసినా పని సగమే అయినట్టు. ఒక చిన్న ఉదాహరణ చూడండి. పది అడుగులకు పది అడుగుల పడగ్గది. అందులో ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు మంచం. తల వైపు గోడకు ఆనిస్తే పక్కల రెండేసి అడుగులు మిగులుతాయి, పర్వాలేదు. కాళ్ల వైపు మిగిలేది మూడున్నర అడుగులు. అక్కడ రెండడుగుల లోతు బీరువా పెడితే నడవడానికి ఒకటిన్నర అడుగే. బీరువా తలుపు తెరవాలంటే మీరు మంచం మీద కూర్చోవాలి. అదే గది పదికి పన్నెండు అయితే? పెరిగింది 20 చదరపు అడుగులే, కానీ కాళ్ల దగ్గర మూడున్నర అడుగుల దారి వచ్చేసింది. ఇక పన్నెండుకు పన్నెండు ఉండి మూడు గోడలకూ తలుపులున్న గదులు నేను చాలా చూశాను. అంత పెద్ద గదిలో మంచం ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియదు.

ఒక్కడినే ఉంటున్నాను. ఒక్క గది చాలదా?

నిద్రపోవడానికైతే చాలు. 1972లో టోక్యోలో కిషో కురొకావా అనే ఆర్కిటెక్ట్ నకగిన్ కాప్స్యూల్ టవర్ కట్టాడు. 140 గూళ్లు, ఒక్కొక్కటి సుమారు 10 చదరపు మీటర్లు, అంటే 107 చదరపు అడుగులు. మంచం, చిన్న బాత్‌రూమ్, గుండ్రటి కిటికీ ఉన్నాయి గానీ వంటగది లేదు. పాతబడిన గూడు తీసేసి కొత్తది బిగించవచ్చన్నది ఆలోచన. అది ఎప్పుడూ జరగలేదు, 2022లో మొత్తం విప్పేశారు. అంత తక్కువ చోటులో మనిషి ఉండగలడా అంటే ఉండగలడని ఆ గూళ్లు చూపించాయి. కాకపోతే బయట పెద్ద ఊరు ఉండి, రోజంతా బయటే తిరిగేవాడికి.

మీరు ఇంట్లో ఎంతసేపు ఉంటారో చూసుకోండి. రాత్రికి మాత్రం వచ్చేవాళ్లయితే ఒక్క గదితో హాయిగా బతకొచ్చు. వంట, పని, నిద్ర అన్నీ అక్కడే అంటే మంచం కనబడకుండా కూర్చునే మూల ఒకటి ఉండాలి. ఎల్ ఆకారపు గది అయినా చాలు, ఒక అల్మరా అడ్డం పెట్టినా చాలు. మంచం మీద కూర్చుని పని చేసి, అదే మంచం మీద తిని, అక్కడే పడుకునేవాళ్లకు ఆరు నెలల్లో ఇల్లంటే విసుగు పుడుతుంది. గాలి వచ్చే కిటికీ కోసం మాత్రం సైజు తగ్గినా రాజీ పడండి.

ఇద్దరమే ఉన్నాం. రేపు పిల్లలు పుడతారు కదా, ఇప్పుడే పెద్దది తీసుకోమా?

అద్దెకైతే వద్దు. ఆ రోజు వచ్చినప్పుడు మారొచ్చు. కొనేటప్పుడు ఒక గది ఎక్కువ ఉన్నది తీసుకోండి, రెండు వద్దు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమన్నది వాయిదాల విషయంలో ఇప్పటికీ పాతబడలేదు. పిల్లలు పుట్టిన మొదటి రెండేళ్లలో ఖర్చు పెరుగుతుంది. ఒక్కోసారి ఇద్దరిలో ఒకరి జీతం కొన్నాళ్లు ఆగుతుంది కూడా. సరిగ్గా అప్పుడే పెద్దింటి వాయిదా మెడ మీద కూర్చుంటుంది. ఒక్క జీతంతో ఎంత వాయిదా కట్టగలరో లెక్క వేసుకుని ఆ మేరకే వెతకండి.

పసిబిడ్డకు వేరే గది కావాలా?

అక్కర్లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం అయితే కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డను తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే ఊయలలోనో చిన్న మంచంలోనో పడుకోబెట్టమంటుంది. అంటే మీ మంచం పక్కన ఓ మూడడుగులు ఉంటే సరిపోయింది. బొమ్మలు వేసిన గోడలు, ప్రత్యేకమైన గది అన్నీ పెద్దవాళ్ల ముచ్చట. తీర్చుకోవాలనుకుంటే తీర్చుకోండి, తప్పేం లేదు, బిడ్డ కోసమని మాత్రం అనుకోకండి.

ఆ వయసులో నిజంగా చాలనిది గది కాదు, నేల. పాకే పిల్లకు హాల్లో ఎనిమిదడుగుల ఖాళీ నేల దొరికితే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. కొత్త ఇల్లు వెతికే ముందు హాల్లోంచి ఆ పెద్ద సోఫా తీసేసి నెల రోజులు చూడండి.

ఇద్దరు పిల్లలు ఒకే గదిలో ఎన్నాళ్లు సర్దుకుంటారు?

పదీ పన్నెండేళ్ల దాకా ఇబ్బంది ఉండదు. అసలు చాలామంది పిల్లలు చీకట్లో ఒంటరిగా పడుకోవడం కంటే ఒకరికొకరు తోడుగా పడుకోవడమే ఇష్టపడతారు. ఆ తర్వాత పేచీ మొదలవుతుంది. ఒకరికి లైటు కావాలి, ఇంకొకరికి నిద్ర కావాలి. ఒకరి స్నేహితులు వస్తే ఇంకొకరు ఎక్కడికి పోవాలి?

గది రెండుగా చీల్చాలంటే ముందు కిటికీలు లెక్కపెట్టండి. పన్నెండుకు పదహారు గదికి రెండు కిటికీలుంటే మధ్యలో అల్మరా నిలబెట్టి పన్నెండుకు ఎనిమిది గదులు రెండు చేయొచ్చు. ఒకే కిటికీ ఉంటే ఒకరికి గది వస్తుంది, ఇంకొకరికి కొట్టు వస్తుంది. కొనేటప్పుడే ఈ చూపు ఉంటే తర్వాత ఇల్లు మారే పని తప్పుతుంది.

టీనేజ్ పిల్లలున్న ఇంటికి ముఖ్యంగా ఏం చూడాలి?

రెండో బాత్‌రూమ్. ఇంకో పడగ్గదికి, ఇంకో బాత్‌రూమ్‌కు మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను కళ్లు మూసుకుని బాత్‌రూమ్ అంటాను. ఆ వయసులో తలుపు వేసుకోవడం కూడా ఒక అవసరమే. గది చిన్నదైనా ఫర్వాలేదు, దానికి తలుపుండాలి.

ఇంటి నుంచే పని చేస్తాను. ఆఫీసు గది ఉండాలా?

నాలుగడుగుల బల్ల, దాని లోతు రెండడుగులు, వెనక కుర్చీ జరపడానికి మూడడుగులు. మొత్తం 20 చదరపు అడుగులు. దీనికోసం గది కొనక్కర్లేదు. ఫోన్లో మాట్లాడే పని రోజుకు మూడు నాలుగు గంటలు ఉంటే మాత్రం తలుపున్న చోటు కావాలి. లేకపోతే మీ మీటింగ్ కోసం ఇంట్లో అందరూ గుసగుసలాడాల్సి వస్తుంది. ఇద్దరూ ఇంటి నుంచే పని చేస్తుంటే రెండు బల్లలు రెండు గదుల్లో ఉండాలి. ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన బల్లలు ఫోటోలో బాగుంటాయి.

అతిథుల కోసం ఒక గది ఉంచుకోవద్దా?

ఈ ప్రశ్న దగ్గర నేను నిష్పక్షపాతంగా ఉండలేను. మా ఇంట్లో అతిథుల గదని ఒకటి ఉండేది. మంచం, పరుపు, ఎప్పుడూ తెరవని కర్టెన్లు. ఒక సంవత్సరం నా ఆవిడ క్యాలెండర్ మీద చుక్కలు పెట్టింది, ఎన్ని రాత్రులు ఎవరైనా అక్కడ పడుకున్నారో చూద్దామని. డిసెంబరుకు పదకొండు చుక్కలు. మిగతా 354 రాత్రులు అక్కడ పడుకున్నది ఇస్త్రీ కావాల్సిన బట్టలు. ఆ ఏడాది చివర మంచం తీసేసి బల్ల వేశాం. ఇప్పుడు ఎవరైనా వస్తే హాల్లో మడత మంచం వేస్తాం, వచ్చినవాళ్లు అర్ధరాత్రి దాకా కబుర్లు చెబుతూ అక్కడే ఉంటారు.

నెలకు నాలుగు రాత్రులు దాటి ఎవరో ఒకరు వచ్చి ఉండే ఇల్లయితే గది ఉంచుకోండి. లేదంటే ఆ గదికి ఇంకో రోజువారీ పని పెట్టండి.

వంటగది పెద్దగా ఉంటేనే మంచిదా?

1926లో మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఇళ్ల కోసం ఒక వంటగది గీసింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అంటే ఆరడుగులకు పదకొండు. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కపెట్టి, ఏది చేతికి ఎక్కడ అందాలో తేల్చి, ఆ తర్వాతే గీత గీసింది. అలాంటివి దాదాపు పది వేలు కట్టారు. ఈనాటి బిల్ట్ ఇన్ కిచెన్లన్నిటికీ అదే మూలం.

అయితే అందులో ఒకరే నిలబడగలరు. అప్పట్లో వంట ఒక్కరి పని అనుకున్నారు. మీ ఇంట్లో ఇద్దరు కలిసి వంట చేస్తారా? అయితే రెండు గట్ల మధ్య నాలుగడుగులు వదలండి. ఒక్కరే అయితే మూడున్నర చాలు, ఎక్కువైతే ఊరికే తిరగడమే.

పెద్దవాళ్లు మా దగ్గరికి వచ్చేస్తున్నారు. ఇంకో గది ఉంటే సరిపోతుందా?

ఆ గది ఎక్కడుందన్నది మొదటి ప్రశ్న. పై అంతస్తులో రాజభవనం లాంటి గది ఇచ్చినా మోకాళ్లు నొప్పులున్న మనిషికి అది జైలే. కింద, బాత్‌రూమ్‌కు నాలుగడుగుల దూరంలో పదికి పదకొండు గది ఇవ్వండి.

ప్రమాదాల వల్ల వచ్చే మరణాలకు పడిపోవడం ప్రపంచంలో రెండో పెద్ద కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే ఇక్కడ నేను సైజు మాట పక్కన పెట్టి టేపు తీస్తాను. తలుపు తెరిచాక మనిషి పట్టే ఖాళీ కనీసం 32 అంగుళాలు ఉండాలి, అప్పుడే చక్రాల కుర్చీ లోపలికి వస్తుంది. అది గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల చోటు కావాలి. గుమ్మం దగ్గర ఆరంగుళాల మెట్టుంటే ఆరడుగుల వాలు కట్టాలి, అంగుళానికి అడుగు చొప్పున. బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపును ఆ మనిషే అడ్డుకుంటారు, మనం నెట్టలేం.

ఇవన్నీ ఇప్పుడు అక్కర్లేదని అంటారు, నిజమే. కానీ ఇల్లు కట్టేటప్పుడు 28 అంగుళాల బాత్‌రూమ్ తలుపుకు బదులు 36 పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. తర్వాత గోడ పగలగొట్టాలంటే తెలుస్తుంది. పట్టుకునే రాడ్ బిగించాల్సిన చోట గోడ గట్టిగా ఉండేట్టు ఇప్పుడే చెప్పి పెట్టండి.

పిల్లలు వెళ్లిపోయారు. చిన్న ఇంటికి మారిపోవాలా?

మారాలని లేదు. మారేటట్టయితే మాత్రం ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే మారండి. అరవైల్లో మారినవాళ్లు కొత్త చోట పక్కింటివాళ్లను పరిచయం చేసుకుంటారు, కూరగాయలు ఎక్కడ దొరుకుతాయో, మందుల షాపు ఎంత దూరమో తెలుసుకుంటారు. ఎనభైల్లో, అదీ ఆసుపత్రి నుంచి వచ్చాక హడావుడిగా మారినవాళ్లకు ఆ ఓపిక ఉండదు. వాళ్లకు అది ఇల్లు మారడంలా ఉండదు, ఎవరో తీసుకొచ్చి దింపినట్టు ఉంటుంది.

ముందుగా ఒక పరీక్ష. మూడు నెలలు ఖాళీ గదుల తలుపులు మూసేసి, మిగిలిన భాగంలోనే ఉండండి. ఎన్నిసార్లు ఆ తలుపు తెరిచారో, దేనికోసం తెరిచారో రాసుకోండి. సామాను తీసుకోవడానికే అయితే జవాబు వచ్చేసింది.

చిన్న ఇంటి గొప్ప చెప్పేవాళ్లు లె కొర్బుజియే గుడిసె గురించి చెబుతారు. ఊళ్లకు ఊళ్లు ప్లాన్ చేసిన ఆ ఆర్కిటెక్ట్ 1952లో ఫ్రాన్స్ సముద్ర తీరాన తన కోసం 3.66 మీటర్ల చదరం, అంటే పన్నెండుకు పన్నెండడుగుల చెక్క గది కట్టుకుని వేసవులు అక్కడే గడిపాడు. నిజమే. కానీ దాంట్లో వంటగది లేదు, భోజనానికి పక్కనే ఆనుకుని ఉన్న హోటల్లోకి వెళ్లేవాడు. అలాంటి పక్కిల్లు దొరికితే మీరూ పన్నెండడుగుల్లోకి మారొచ్చు.

ఇల్లు చాలట్లేదు. ఇల్లు చిన్నదా, సామాను ఎక్కువా?

లాస్ ఏంజిలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 32 కుటుంబాల ఇళ్లలోకి వెళ్లి, ఏ వస్తువు ఎక్కడుందో ఫోటోలు తీసి మరీ చూశారు. చిన్నవేం కాని ఇళ్లే. అయినా చాలామంది గరాజుల్లో కారుకే చోటు లేదు, అంతా సామానే. కాబట్టి ఇల్లు పెరిగితే సామాను సర్దుకుంటుందని నమ్మకండి. అది కూడా మీతో పాటు పెరుగుతుంది.

జీవితమంతా సరిపోయే ఒక్క ఇల్లు కట్టుకోలేమా?

కట్టుకోవచ్చు, పెద్దది కట్టి కాదు, మార్చుకోగలిగేలా కట్టి. రెండు దారులున్నాయి.

మొదటిది, సగం కట్టి సగం వదలడం. 2004లో చిలీ దేశంలో ఇకీకే అనే ఊళ్లో అలెహాంద్రో అరవేనా అనే ఆర్కిటెక్ట్ బృందం పేద కుటుంబాలకు ఇలాగే కట్టింది. డబ్బు సగం ఇంటికే సరిపోయేలా ఉంది. దాంతో కుటుంబం తనంతట తాను కట్టుకోలేని సగం, అంటే బాత్‌రూమ్, వంటగది, మెట్లు, గట్టి గోడలు వాళ్లు కట్టిచ్చారు. పక్కనే ఖాళీ సగం వదిలేశారు. కుటుంబాలు తమ వీలును బట్టి దాన్ని నింపుకున్నాయి. అరవేనాకు 2016లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. మీరు కట్టుకునేటప్పుడు కూడా అంతే: పునాది, మెట్లు, పైపులు ముందే పెద్దింటికి సరిపడా వేసుకోండి, గదులు తర్వాత లేపుకోండి.

రెండోది నాకు చాలా ఇష్టం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో త్రూస్ ష్రోడర్ అనే ఆవిడ భర్త పోయాక ముగ్గురు పిల్లలతో ఉండటానికి గెరిట్ రీట్‌వెల్ట్ అనే ఆర్కిటెక్ట్ చేత 1924లో ఒక ఇల్లు కట్టించుకుంది. పై అంతస్తులో స్థిరమైన గోడలు దాదాపు లేవు. జరిపే పలకలు ఉంటాయి. రాత్రి పలకలు లాగితే ఎవరి గది వాళ్లకు వస్తుంది, పొద్దున తోసేస్తే మొత్తం ఒకే హాలు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, ఆవిడ మాత్రం 1985లో చనిపోయేదాకా, అరవై ఏళ్లు, ఆ ఇంట్లోనే ఉంది. ఇల్లు మారాల్సిన ప్రతిసారీ ఆవిడ పలక జరుపుకుంది.

మన ఇళ్లలో అంత చేయలేకపోయినా, కనీసం రెండు గదుల మధ్య గోడ బరువు మోసేది కాకుండా చూసుకోండి. ఏ గోడ బరువు మోస్తుందో ప్లాన్ మీద గుర్తు పెట్టించుకుని ఆ కాగితం దాచండి. పదిహేనేళ్ల తర్వాత గోడ తీయాలనుకున్నప్పుడు ఆ కాగితం కోసమే వెతుకుతారు.

ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

కొలత టేపు. మీ మంచం, బీరువా, భోజనాల బల్ల, ఫ్రిజ్ కొలతలు రాసుకున్న చీటీ. నేల మీద అతికించి చూసుకోవడానికి కాగితపు టేపు చుట్ట ఒకటి. ఖాళీ గది కళ్లను మోసం చేస్తుంది, నేల మీద మంచం అంచులు గీస్తే బండారం బయటపడుతుంది. ఇంట్లో ఎవరు ఎక్కువగా విసుక్కుంటారో వాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి.